ఉక్రెయిన్ పాస్‌పోర్టున్న ఫ్రీలాన్సర్లు వీసా లేకుండా ఎక్కడ ఉండొచ్చు, ఎక్కడ పని చేసుకోవచ్చు? ఇద్దరి కోసం అడుగుతున్నా

బొమ్మల_స్టూడియో (హైదరాబాద్):

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్‌లో చిన్న స్టూడియో, పిల్లల మొబైల్ గేమ్స్‌కి బొమ్మలు, యానిమేషన్ చేస్తాం. మాతో చాలాకాలంగా ఇద్దరు ఉక్రెయిన్ వాళ్లు ఫ్రీలాన్స్‌గా పనిచేస్తున్నారు. అక్కాతమ్ముళ్లు, సొంతూరు ఖార్కివ్. అక్క ఇలస్ట్రేటర్, 2022 మార్చిలో పోలండ్ వచ్చేసి క్రాకోలో ఉంటోంది, యుద్ధం వల్ల వచ్చినవాళ్లకి ఇచ్చే తాత్కాలిక రక్షణ ఆమెకు ఉంది. తమ్ముడు యానిమేటర్, వయసు 34, యుద్ధానికి ముందే, అంటే 2021లోనే జార్జియా వెళ్లి టిబిలిసిలో ఉండిపోయాడు.

ఇప్పుడు సంగతేంటంటే, అక్కకి పోలండ్ చలికాలం పడటం లేదు, మూడు నాలుగు నెలలు ఎక్కడైనా ఎండ ఉన్న చోట ఉండి పని చేసుకుంటానంటోంది. తమ్ముడికేమో జార్జియాలో రూల్స్ మారుతున్నాయని టెన్షన్, యూరప్‌లో ఎక్కడైనా స్థిరపడాలని ఉంది. వాళ్లకి రెగ్యులర్‌గా డబ్బు పంపేది మేమే కాబట్టి ఇద్దరూ నన్నే అడుగుతున్నారు, లెటర్ ఇస్తారా, కాంట్రాక్ట్ మారుస్తారా అని. నెట్‌లో వెతికితే ఉక్రెయిన్ పాస్‌పోర్టుకి వీసా అక్కర్లేని దేశాల లిస్టులు బోలెడు కనిపిస్తున్నాయి గానీ, అక్కడికెళ్లి ల్యాప్‌టాప్ తెరిచి మనలాంటి క్లయింట్‌కి పని చేస్తే తప్పా ఒప్పా అన్నది ఒక్కరూ తిన్నగా చెప్పడం లేదు.

ఇంకొకటి, కొత్త గేమ్ మొదలుపెట్టే ముందు మేం ముగ్గురం ఒక వారం ఎదురెదురుగా కూర్చోవాలి. నా దగ్గర మామూలు ఇండియన్ పాస్‌పోర్టు, షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే) వీసా గానీ అమెరికా వీసా గానీ లేవు. ముగ్గురికీ తక్కువ తలనొప్పితో కుదిరే చోటు ఏదైనా ఉందా? ఈ ఇద్దరూ ఖార్కివ్ మీద బాంబులు పడుతున్నప్పుడు, ఇంటివాళ్ల ఫోన్లు కలవని రోజుల్లో కూడా మాకు డెలివరీ తప్పలేదు. వాళ్లకి నా వల్ల ఒక్క తప్పు సలహా కూడా వెళ్లకూడదు, అందుకే తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

వ్రోత్స్వాఫ్_వాణి:

నేను పోలండ్‌లోనే ఉంటానండి, మా టీమ్‌లో ఉక్రెయిన్ వాళ్లు చాలామంది, కాబట్టి ముందు అక్క సంగతి నేను చెప్తా.

ఉక్రెయిన్ బయోమెట్రిక్ పాస్‌పోర్టుకి 2017 జూన్ 11 నుంచి షెంగెన్‌లో వీసా అక్కర్లేదు, ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులు ఉండొచ్చు. కానీ అది చుట్టపుచూపుగా వచ్చేవాళ్ల సంగతి. మీ ఇలస్ట్రేటర్ చేతిలో అంతకంటే చాలా గట్టి కాగితం ఉంది. యూరోపియన్ యూనియన్ 2001లో ఒక చట్టం చేసి రెండు దశాబ్దాలు వాడకుండా పక్కన పెట్టింది, దాన్ని మొట్టమొదటిసారి 2022 మార్చి 4న ఉక్రెయిన్ వాళ్ల కోసం తీశారు. అదే ఈ తాత్కాలిక రక్షణ. పొడిగిస్తూ పొడిగిస్తూ ఇప్పుడు 2027 మార్చి 4 దాకా తెచ్చారు. ఇందులో ఉన్నవాళ్లకి నివాసం, ఉద్యోగం చేసుకునే హక్కు, వైద్యం, అన్నీ ఉంటాయి. పోలండ్‌లో అయితే సొంతంగా వ్యాపారం రిజిస్టర్ చేసుకుని ఫ్రీలాన్స్ కూడా దర్జాగా చేసుకోవచ్చు, పోలిష్ వాళ్లతో సమానంగా.

అందుకే వీసా లేని దేశాల లిస్టు చూసేముందు ఆమె చూసుకోవాల్సింది ఒకటుంది. పోలండ్‌లో ఈ హోదా ఉన్నవాళ్లు 30 రోజులు దాటి దేశం బయట ఉంటే హోదా పోతుంది. ఆమె మూడు నాలుగు నెలలు ఏకబిగిన వెళ్తానంటోంది చూడండి, నాకు భయమేసింది అక్కడే. తిరిగొచ్చాక మళ్లీ తెచ్చుకోవచ్చులే అని ధీమాగా ఉండకూడదు, ఎందుకంటే పోలండ్ ఈ హోదాలో ఉన్నవాళ్ల కోసం మూడేళ్ల నివాస కార్డు దారి తెరిచింది, దానికి 2025 జూన్ 4 నాటికి హోదా ఉండాలి, కనీసం 365 రోజులు తెగకుండా కొనసాగి ఉండాలి. మధ్యలో తెగితే ఆ దారి మూసుకుపోతుంది. 2027 మార్చి తర్వాత ఏంటన్న ప్రశ్న అందరికీ ఉంది, యూరోపియన్ యూనియన్ కౌన్సిల్ కూడా 2025 సెప్టెంబర్‌లోనే దేశాలకి చెప్పేసింది, వీళ్లని మెల్లగా మామూలు నివాస పర్మిట్లలోకి మార్చండి అని. అలాంటప్పుడు ఎండ కోసం వెళ్లి కార్డు పోగొట్టుకుంటే ఎంత నష్టం.

కాబట్టి ఆమె నాలుగు వారాల లోపు వెళ్లి రావడం, కొన్నాళ్లు క్రాకోలో ఉండి మళ్లీ వెళ్లడం, ఇదే నేను చెప్పేది. ఫోన్‌లో పోలండ్ ప్రభుత్వ యాప్ ఎం-ఒబివాటెల్‌లో దియా.పీఎల్ అనే ఎలక్ట్రానిక్ కార్డు ఉంటుంది, అది నివాస పర్మిట్ కింద లెక్క. పాస్‌పోర్టుతో పాటు అది చూపిస్తే షెంగెన్‌లో తిరగొచ్చు, బయటి నుంచి తిరిగి రావచ్చు. బోర్డర్‌లో కొన్నిసార్లు నెట్ రాదు, ముందే ఓపెన్ చేసి పెట్టుకోమనండి, ఫోన్ ఛార్జింగ్ అయిపోతే చూపించడానికి ఇంకేమీ ఉండదు కాబట్టి పవర్ బ్యాంక్ లేకుండా బయల్దేరొద్దు.

లెక్క విషయం కూడా చెప్పేస్తా, చాలామంది ఇక్కడే తికమక పడతారు. పోలండ్‌లో పర్మిట్ మీద ఉన్న రోజులు 90లోకి రావు. స్పెయిన్, ఇటలీ, గ్రీస్ లాంటి మిగతా షెంగెన్ దేశాల్లో ఉన్న రోజులే వస్తాయి, దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కే. తమ్ముడికైతే ఏ పర్మిటూ లేదు కాబట్టి షెంగెన్‌లో ఎక్కడున్నా అన్ని రోజులూ లెక్కకొస్తాయి, క్రాకోలో అక్క ఇంట్లో ఉన్నా సరే. ఉదాహరణకి అతను జనవరి 10 నుంచి మార్చి 10 దాకా ఉన్నాడనుకోండి, అది 60 రోజులు. ఏప్రిల్ 1న మళ్లీ అడుగుపెడితే ఏప్రిల్ 30తో కోటా అయిపోతుంది, మే 1న ఉంటే ఓవర్‌స్టే. ఆ పాత రోజులు జూలై 9 నుంచి గానీ లెక్కలోంచి ఒక్కొక్కటిగా రాలవు. ఇదివరకు స్టాంపులు చూసి వేళ్ల మీద లెక్కేసేవాళ్లు, కంటికి ఆనని స్టాంపులుంటే వదిలేసేవాళ్లు కూడా. 2025 అక్టోబర్ 12 నుంచి కొత్త ఎంట్రీ-ఎగ్జిట్ సిస్టమ్ మొదలైంది, ముఖం ఫొటో, వేలిముద్రలు తీసుకుని కంప్యూటరే లెక్కేస్తుంది. ఒక్క రోజు ఎక్కువైనా దొరికిపోతారు.

టిబిలిసి_డాక్టర్:

అన్నా, తమ్ముడి సంగతి నేను చెప్తా. నేను ఖార్కివ్‌లోనే ఎంబీబీఎస్ చదివా, 2022లో ఆపరేషన్ గంగలో ఇంటికొచ్చేసి, తర్వాత కోర్సు జార్జియాకి మార్చుకున్నా. ఇక్కడ మనవాళ్లు చాలామందే ఉన్నారు, ఉక్రెయిన్ వాళ్లూ ఎక్కువే. ఖార్కివ్ పేరు వింటే నాకు ఇప్పటికీ ఏదోలా ఉంటుంది, అందుకే ఇది చదివి ఆగలేకపోయా.

జార్జియా ఉక్రెయిన్ వాళ్లకి వీసా లేకుండా కనీసం ఏడాది ఉండనిస్తుంది. ఇన్నాళ్లూ చాలామంది చేసిన పని ఏంటంటే, ఏడాది నిండబోతుందనగా సదాఖ్లో బోర్డర్ దాటి ఆర్మీనియా వెళ్లి, ఒక పూట ఉండి తిరిగొచ్చేవాళ్లు, మళ్లీ కొత్త ఏడాది మొదలు. ఫ్రీలాన్స్ వాళ్లయితే టిబిలిసిలో జస్టిస్ హౌస్‌కి వెళ్లి వ్యక్తిగత వ్యాపారిగా రిజిస్టర్ చేసుకుని, పన్ను ఆఫీసులో చిన్న వ్యాపారం స్టేటస్ తీసుకుంటే ఏడాదికి 5 లక్షల లారీల (జార్జియా కరెన్సీ) దాకా టర్నోవర్ మీద 1 శాతం పన్ను కట్టి ప్రశాంతంగా ఉండేవాళ్లు. కన్సల్టింగ్ లాంటి కొన్ని పనులకి మాత్రం ఆ స్టేటస్ ఇవ్వరు.

మీవాడి టెన్షన్ నిజమే. లేబర్ మైగ్రేషన్ చట్టం మార్చారు, 2026 మార్చి 1 నుంచి విదేశీయులు ఉద్యోగానికే కాదు, సొంతంగా పని చేసుకోవడానికి కూడా పర్మిట్ తీసుకోవాలి. అంటే వీసా లేకుండా ఉండటం వేరు, పని చేయడం వేరు అని ఇక్కడ కూడా గీత గీసేశారు. అలాగని కంగారుపడి ఇల్లు ఖాళీ చేసి బయల్దేరక్కర్లేదు, రిజిస్టర్ అయ్యి ఉంటే ముందు ఒక మంచి అకౌంటెంట్‌ని పట్టుకుని ఆ పర్మిట్ సంగతి చూసుకోమనండి. ఇక్కడ చేతిలో ఉన్నది వదిలేసి యూరప్‌లో 90 రోజుల మీద ఆధారపడితే రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు.

దగ్గర్లో వేరే దారి కావాలంటే ఆర్మీనియా ఉంది, ఏడాదిలో 180 రోజులు వీసా లేదు. టర్కీ 180లో 90 రోజులు. నా ఫ్రెండ్స్‌లో కొందరు టర్కీలో ఇస్తాంబుల్, జార్జియాలో బతూమి మధ్య తిరుగుతూ ఉంటారు, వాళ్లకి ఏమీ కాలేదు, ల్యాప్‌టాప్ మీద బొమ్మలు గీసుకుంటే ఎవరు పట్టించుకుంటారన్నా నిజంగా?

బెర్లిన్_పద్దులు:

డాక్టర్ గారు, జార్జియా సమాచారం బాగా చెప్పారు, కానీ చివరి మాటతో నేను ఒప్పుకోను. నేను జర్మనీలో పన్నుల లెక్కలు చూసే ఆఫీసులో పనిచేస్తా, "ఎవరు పట్టించుకుంటారు" అన్నవాళ్లే ఏడాది తర్వాత ఫైలు పట్టుకుని వస్తారు.

వీసా లేని ఎంట్రీ అంటే టూరిస్టుగానో, చుట్టాలని చూడటానికో, మీటింగ్ కోసమో రానివ్వడం. షెంగెన్ 90 రోజుల వీసా మినహాయింపు ఒక్కటే ఉద్యోగం చేసే హక్కు అయితే ఇవ్వదు. ఇక వేరే దేశం క్లయింట్‌కి హోటల్ రూమ్‌లోంచి పని చేయడం సంగతి చాలా దేశాల చట్టాల్లో ఏళ్ల తరబడి ఎటూ తేలకుండా ఉండిపోయింది. ఆ ఖాళీ పూడ్చడానికే కదా డిజిటల్ నోమాడ్ వీసాలు (బయటి దేశం క్లయింట్లకి ల్యాప్‌టాప్ మీద పని చేసుకుంటూ ఉండటానికి ఇచ్చేవి) పుట్టాయి. ఎస్టోనియా 2020 ఆగస్టులో మొదలుపెట్టింది, తర్వాత క్రొయేషియా, పోర్చుగల్, స్పెయిన్, థాయిలాండ్ 2024 జూలైలో. నాలుగు రోజులు వెళ్లి అక్కడ మెయిల్స్ చూసుకుంటే ఎవరూ అడగరు, నిజమే. కానీ మూడు నెలలు అద్దెకి ఇల్లు తీసుకుని, ఇమ్మిగ్రేషన్ కౌంటర్‌లో "పని చేసుకోవడానికి వచ్చా" అని నోరు జారితే వెనక్కి పంపే అధికారం వాళ్లకి ఉంటుంది. అబద్ధం చెప్పమని నేను సలహా ఇవ్వను. యుద్ధం వల్ల దేశం విడిచి వచ్చినవాళ్లకి ఒక్క ఎంట్రీ తిరస్కరణ కూడా తర్వాత ప్రతి దరఖాస్తులో రాయాల్సి వస్తుంది, వెనక్కి వెళ్లడానికి మనలా నిశ్చింతగా ఊరు లేదు వాళ్లకి.

పన్ను సంగతి మీకు కూడా సంబంధించిందే. ఉక్రెయిన్‌లో ఐటీ, డిజైన్ ఫ్రీలాన్సర్లు ఎక్కువమంది ఎఫ్‌ఓపీ అని సొంత పేరు మీద రిజిస్ట్రేషన్ పెట్టుకుంటారు, మూడో గ్రూపు అయితే ఆదాయం మీద 5 శాతం, 2025 జనవరి నుంచి ఇంకో 1 శాతం యుద్ధ లెవీ. చాలామంది దేశం దాటాక కూడా అదే కడుతున్నారు, మన దేశానికి ఈ సమయంలో పన్ను కట్టడం బాధ్యత అనుకుంటారు, వాళ్లని చూస్తే నాకు గౌరవం. కానీ ఏడాదిలో 183 రోజులు దాటి పోలండ్‌లో ఉంటే పోలండ్ ఆమెని తన పన్ను నివాసిగా చూస్తుంది, ఎఫ్‌ఓపీ ఉందంటే సరిపోదు. మీ దగ్గరికొచ్చే ఇన్వాయిస్ పైన ఖార్కివ్ అడ్రస్ ఉందా, క్రాకో అడ్రస్ ఉందా ఒకసారి చూడండి. ఖార్కివ్ ఉంటే ఆమె పోలండ్ అకౌంటెంట్‌తో మాట్లాడాలి, మీరు మీ సీఏకి చెప్పాలి, ఎందుకంటే ఏ దేశంతో ఉన్న పన్ను ఒప్పందం వర్తిస్తుందో దాన్ని బట్టే మారుతుంది. నివాస పర్మిట్ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు కూడా ఆదాయం, పన్ను కాగితాలే మొదట అడిగేది.

బొమ్మల_స్టూడియో:

వాణి గారు, మీరు ఆ 30 రోజుల సంగతి చెప్పకపోతే ఆమె టికెట్లు తీసేసేది. నిన్న రాత్రే కాల్‌లో చెప్పా, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మూడేళ్ల కార్డు గురించి తనే అడగడం మొదలుపెట్టింది. ఇన్వాయిస్ చూశా, ఖార్కివ్ అడ్రసే ఉంది, సీఏకి మెయిల్ పెట్టా.

తమ్ముడి గురించి ఇంకో రెండు. యుద్ధం తాత్కాలిక రక్షణ అతను కూడా అక్క దగ్గరికెళ్లి తీసుకోవచ్చా? అతని పాస్‌పోర్టు 2017లో తీసుకున్నది, 2027లో అయిపోతుంది, మగవాళ్లకి బయట పాస్‌పోర్టు రెన్యువల్ కష్టం అంటున్నాడు, నిజమా? అలాగే ఇద్దరినీ ఇండియాకే పిలిస్తే ఎలా ఉంటుంది?

వాలెన్సియా_అల్లుడు:

మా ఆవిడది ఉక్రెయిన్‌లో ద్నిప్రో, మేం స్పెయిన్‌లో ఉంటాం, మా బావమరిది కేసు దాదాపు మీ యానిమేటర్ లాంటిదే కాబట్టి రాస్తున్నా బ్రదర్. కొంచెం పొడుగవుతుంది.

తాత్కాలిక రక్షణ 2022 ఫిబ్రవరి 24కి ముందు ఉక్రెయిన్‌లో నివాసం ఉండి, ఆ రోజు నుంచి బయటపడ్డవాళ్ల కోసం పెట్టింది. అతను 2021లోనే జార్జియాలో స్థిరపడ్డాడు అంటున్నారు కదా, కాబట్టి ఆ నిర్వచనంలోకి రాడు. కొన్ని దేశాలు కాస్త ముందు వచ్చినవాళ్లని కూడా కలుపుకున్నాయి గానీ మూడు దేశాలు అవతల ఏడాది ముందు నుంచి ఉన్నవాడికి దాని మీద ఆశ పెట్టొద్దు.

పాస్‌పోర్టు సంగతి, ఇది అన్నిటికంటే ముఖ్యం. మీరు చెప్పినట్టే 2017లో వీసా లేని ప్రయాణం మొదలైనప్పుడు జనం ఎగబడి బయోమెట్రిక్ పాస్‌పోర్టులు తీసుకున్నారు, పదేళ్లు చెల్లుతాయి, అవన్నీ 2027లో వరసగా అయిపోతాయి. 2024 ఏప్రిల్‌లో 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లకి విదేశాల్లో కాన్సులర్ సేవలు ఆపేశారు, మే 18 నుంచి కొత్త చట్టం వచ్చింది, సైనిక రిజిస్ట్రేషన్ వివరాలు అప్‌డేట్ చేసుకున్న కాగితం ఉంటేనే పాస్‌పోర్టు ఇస్తారు. దానికి రెజెర్వ్ ప్లస్ అని రక్షణ శాఖ యాప్ ఉంది, విదేశాల్లో ఉన్నవాళ్లు కూడా అందులోనే చేసుకోవచ్చు. అది చేయాలా వద్దా అన్నది అతని సొంత నిర్ణయం, దాని గురించి అతనికి మనం చెప్పేదేమీ లేదు, ఎవరి మనసులో ఏముందో వాళ్లకే తెలుసు, మా ఇంట్లో ఈ మాట మీద చాలా రాత్రులు గడిచాయి. కానీ ఏది చేసినా గడువు దగ్గరపడేదాకా ఆగొద్దు, ఇప్పుడే మొదలుపెట్టమనండి. చాలా దేశాలు పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువు అడుగుతాయి, అంటే 2027లో అయిపోయే పాస్‌పోర్టు వాడకానికి అంతకంటే ముందే అయిపోయినట్టు.

ఇంకో మాట, అమ్మానాన్నలని చూసి వద్దామని ఉక్రెయిన్ లోపలికి వెళ్తే మళ్లీ బయటికి రాలేడు. 2025 ఆగస్టు ఆఖరు నుంచి 22 ఏళ్ల దాకా అబ్బాయిలని వెళ్లనిస్తున్నారు, 34 అంటే ప్రత్యేక కారణం ఉంటే తప్ప లేదు. అక్కకి ఆ ఇబ్బంది లేదు. విమానాలు ఎలాగూ లేవు, 2022 ఫిబ్రవరి 24 నుంచి ఉక్రెయిన్ ఆకాశం మూసే ఉంది, పోలండ్ వైపు ప్షెమిషిల్ నుంచి రైలెక్కి కీవ్ వెళ్లి వస్తుంటారు ఆడవాళ్లు.

యూరప్ కావాలంటే అతనికి సరైన దారి నోమాడ్ పర్మిట్ అని నా అభిప్రాయం, నాకు తెలిసింది స్పెయిన్‌ది. వీసా లేని 90 రోజుల మీద స్పెయిన్‌లో దిగి, ఆ రోజులు ఉండగానే ఇక్కడి నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఒప్పుకుంటే మూడేళ్లకి ఇస్తారు. ఆదాయం స్పెయిన్ కనీస వేతనానికి రెట్టింపు చూపించాలి. డిగ్రీ గానీ మూడేళ్ల అనుభవం గానీ ఉండాలి. ఫ్రీలాన్సర్ అయితే స్పెయిన్ క్లయింట్ల నుంచి వచ్చే పని 20 శాతం దాటకూడదు, మీ ఒక్క స్టూడియోకే చేస్తున్నాడు కాబట్టి ఆ సమస్యే లేదు. వచ్చాక స్వయం ఉపాధి కింద రిజిస్టర్ అయ్యి సోషల్ సెక్యూరిటీ కట్టాలి, ఇది చిన్న మొత్తం కాదు, టిబిలిసిలో 1 శాతం కట్టిన మనిషికి గుండె గుభేలుమంటుంది, ముందే చెప్పండి.

మీ వైపు నుంచి కావాల్సింది లెటర్. మీ కంపెనీ కనీసం ఏడాదిగా నడుస్తోందని, అతనితో కనీసం మూడు నెలలుగా కాంట్రాక్ట్ ఉందని, పని ఎక్కడి నుంచైనా చేయడానికి మీకు అభ్యంతరం లేదని, నెలకి ఎంత ఇస్తున్నారో, అన్నీ రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. "మా దగ్గర పనిచేస్తున్నాడు, మంచివాడు" అని రెండు లైన్లు రాస్తే పనికిరాదు. కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌కి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించి, స్పానిష్‌లోకి అధికారిక అనువాదం చేయించాలి. మీరు హైదరాబాద్‌లో అపోస్టిల్ కోసం తిరిగే రోజులు కూడా లెక్కలో వేసుకోండి, అతను ఇక్కడ దిగాక మీరు మొదలుపెడితే 90 రోజులు ఇట్టే కరిగిపోతాయి. పోలీస్ క్లియరెన్స్ ఉక్రెయిన్‌ది వాళ్ల ప్రభుత్వ యాప్ దియాలోనే అడగొచ్చు, జార్జియాలో ఇన్నేళ్లు ఉన్నాడు కాబట్టి అక్కడిది కూడా తీసుకోవాలి.

ఇండియా గురించి, ఉక్రెయిన్ వాళ్లకి మన దేశంలో వీసా లేని ఎంట్రీ లేదు, ఈ-వీసా ఉంది. టూరిస్ట్ ఈ-వీసా మీద పిలిచి స్టూడియోలో కూర్చోబెట్టి పని చేయించడం సరికాదు, మీటింగ్ అంటే బిజినెస్ ఈ-వీసా చూడండి, మీ కంపెనీ ఆహ్వాన లేఖ ఎలాగూ అడుగుతారు.

టిబిలిసి_డాక్టర్:

బెర్లిన్ అన్న చెప్పింది సరే, నేను చూసింది మాత్రమే చెప్పా. కలవడం గురించి ఒక మాట, జార్జియాకి రావాలంటే మీకు ఈ-వీసా కావాలి, అమెరికా, షెంగెన్, గల్ఫ్ వీసా ఏదైనా ఉంటే నేరుగా రావచ్చు గానీ మీకు లేదంటున్నారు. టర్కీ ఈ-వీసాకి కూడా అలాంటి వీసా ఒకటి ఉండాలి. కాబట్టి ముగ్గురికీ కుదిరేది నాకు తెలిసి థాయిలాండ్.

వ్రోత్స్వాఫ్_వాణి:

అవును, థాయిలాండ్ 2024 జూలైలో వీసా మినహాయింపు 93 దేశాలకి 60 రోజులు చేసింది, అప్పటి లిస్టులో ఇండియా, ఉక్రెయిన్ రెండూ ఉన్నాయి. కాకపోతే ఆ రూలు తర్వాత మారి ఉండొచ్చు, టికెట్ కొనే వారంలో ముగ్గురూ ఎవరి పాస్‌పోర్టు రూలు వాళ్లు ఎంబసీ సైట్‌లో చూసుకోండి. వారం రోజుల మీటింగ్‌కి ఎలాగైనా సరిపోతుంది. అక్కకి ఎండ కూడా దొరుకుతుంది పాపం, నాలుగు వారాల లోపు తిరిగి క్రాకోలో ఉంటే చాలు.

అక్కకి ఇంకా దూరం వద్దనిపిస్తే ఐర్లాండ్ కూడా 2022 ఫిబ్రవరి 25 నుంచి ఉక్రెయిన్ వాళ్లకి వీసా తీసేసింది, షెంగెన్ కాదు కాబట్టి ఆ 90లోకి రాదు, ఎండ మాత్రం ఉండదు. బ్రిటన్, అమెరికా, కెనడా మూడింటికీ వీసా కావాలి, అక్కడి ప్రత్యేక పథకాలు వేరు, వాటి మీద టికెట్ కొనొద్దు. ఇంకా ఒకటి, ఈటీఐఏఎస్ అని షెంగెన్ వెళ్లే వీసా లేనివాళ్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాల్సిన అనుమతి 2026 చివర్లో మొదలవుతుందని ప్రకటించారు, ఫీజు 20 యూరోలు. తమ్ముడు ఆ తర్వాత స్పెయిన్ వెళ్తే అది కూడా కావాలి. ఆ పేరుతో ఇప్పటికే డబ్బులు గుంజే నకిలీ సైట్లు ఉన్నాయి, యూరోపియన్ యూనియన్ సొంత సైట్ తప్ప ఎక్కడా కార్డు నంబర్ ఇవ్వొద్దని చెప్పండి.

బొమ్మల_స్టూడియో:

అందరికీ చేతులెత్తి దండం. ఇద్దరికీ కాల్‌లో మొత్తం చదివి వినిపించా. బ్యాంకాక్ ఖాయం చేశాం, మనకి హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, అక్క మూడు వారాలకి వస్తుంది. తమ్ముడి పాస్‌పోర్టులో ఆ రోజుకి ఆరు నెలలు మిగిలే ఉంటాయి, చూసుకున్నాం. రెజెర్వ్ ప్లస్ మాట వచ్చినప్పుడు అతను కాసేపు ఆలోచించుకుంటా అన్నాడు, నేను మళ్లీ అడగలేదు.

స్పెయిన్ లెటర్ డ్రాఫ్ట్ నేను ఈ వారమే రాస్తా. అల్లుడు గారు, అపోస్టిల్‌కి కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఒక్కటే చాలా, కాంట్రాక్ట్‌కి కూడా చేయించాలా?

వాలెన్సియా_అల్లుడు:

మా బావమరిది కేసులో కంపెనీ సర్టిఫికెట్‌కి, పోలీస్ క్లియరెన్స్‌కి, డిగ్రీకి అపోస్టిల్ అడిగారు, కాంట్రాక్ట్‌కి, లెటర్‌కి సంతకాలు, అనువాదం సరిపోయాయి. మీరు లెటర్‌లో అతని పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయండి. ఉక్రెయిన్ పేర్లు ఇంగ్లిష్‌లో రెండు మూడు రకాలుగా రాస్తారు, డిగ్రీలో ఒకటి, పాస్‌పోర్టులో ఒకటి ఉంటాయి, కొత్త పాస్‌పోర్టు వస్తే అందులో ఇంకోలా రావచ్చు. పాత పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే కొత్తదాంట్లో కూడా ఉంచమని దరఖాస్తు పెట్టేటప్పుడే అడగమనండి.